మధుమేహమున్న వృద్ధుల్లో తీవ్రమైన బాహ్యచెవి ఇన్ఫెక్షన్

చెవి కాలువ చర్మంలో మొదలైన ఇన్ఫెక్షన్ అక్కడితో ఆగక కింది ఎముకలోకి, ఆపైన పుర్రె అడుగుభాగపు ఎముకల్లోకి పాకే జబ్బును వైద్యులు నెక్రోటైజింగ్ ఒటైటిస్ ఎక్స్‌టర్నా అంటారు. దీనికి మాలిగ్నెంట్ ఒటైటిస్ ఎక్స్‌టర్నా అని పాత పేరు ఉంది. అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ పదో సవరణలో హెచ్60.2 సంకేతం కింద ఆ పాత పేరుతోనే నమోదైంది. పేరు విని చాలామంది భయపడతారు గాని ఇది క్యాన్సర్ కాదు, సూక్ష్మజీవుల వల్ల వచ్చే ఎముక ఇన్ఫెక్షన్. ఎక్కువగా అరవై ఏళ్లు దాటి, మధుమేహం ఉన్నవారికి సోకుతుంది. సరైన మందు సకాలంలో మొదలై, చాలినన్ని వారాలు సాగితే ఎక్కువమంది కోలుకుంటారు. మామూలు చెవిపోటే కదా అని చుక్కల మందుతో వారాల తరబడి నెట్టుకొస్తే మూతి వంకరపోవడం, మింగలేకపోవడం, మెదడు పొరల వాపు, చివరికి మరణం దాకా పోవచ్చు. కాబట్టి ఈ జబ్బులో మందు ఎంత ముఖ్యమో, దాన్ని మొదట్లోనే అనుమానించడమూ అంతే ముఖ్యం.

చరిత్ర

కణత ఎముక ఇలా ఇన్ఫెక్షన్‌తో చివికిపోయిన సందర్భాన్ని 1838లో ఫ్రెంచి వైద్యుడు టుల్‌మూష్ మొదట నమోదు చేశాడని వైద్యగ్రంథాలు చెబుతాయి. 1959లో మెల్ట్‌జర్, కెలెమెన్ అనే వైద్యులు సూడోమొనాస్ బ్యాక్టీరియా వల్ల కణత ఎముక, దవడ ఎముక, చెంప ఎముక దెబ్బతిన్న రోగి గురించి రాశారు. దీన్ని ప్రత్యేకమైన వ్యాధిగా నిలబెట్టినవాడు అమెరికన్ చెవి వైద్యుడు జేమ్స్ చాండ్లర్. 13 మంది రోగుల వివరాలతో 1968లో ఆయన ప్రచురించిన వ్యాసం ఈ జబ్బుకు పేరునూ రూపురేఖలనూ ఇచ్చింది. ఆనాడు ఇది సోకినవారిలో దాదాపు సగం మంది చనిపోయేవారు. ఆ మరణాల తీరు చూసే ఆయన అంత కఠినమైన పేరు పెట్టాడు.

తర్వాతి రెండు దశాబ్దాలు కార్బెనిసిలిన్, జెంటామైసిన్, టోబ్రామైసిన్ వంటి ఇంజెక్షన్లే ఆధారం. వారాల తరబడి ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చేది. జెంటామైసిన్ జాతి మందులు మూత్రపిండాలనూ వినికిడినీ దెబ్బతీసేవి. అసలే వయసు మీరి, షుగరుతో మూత్రపిండాలు బలహీనపడినవారికి అది పెద్ద ముప్పు. 1980ల చివర్లో సిప్రోఫ్లోక్సాసిన్ వచ్చాక పరిస్థితి మారింది. నోటి ద్వారా వేసుకున్నా ఎముకలోకి బాగా చేరి సూడోమొనాస్‌ను చంపగల ఈ మాత్ర వల్ల చాలామందికి ఇంటి దగ్గరే వైద్యం సాధ్యమైంది. అయితే అదే మాత్రను అన్ని రకాల జ్వరాలకూ విరేచనాలకూ విచ్చలవిడిగా వాడడంతో దానికి లొంగని సూడోమొనాస్ ఇప్పుడు పెరిగింది. నేటి చికిత్సలో ఎదురవుతున్న ప్రధాన చిక్కు ఇదే.

చెవి నిర్మాణం, జబ్బు పాకే దారి

పెద్దవారిలో చెవి కాలువ పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. బయటి మూడో వంతు మృదులాస్థి, లోపలి రెండు వంతులు ఎముక. లోపలి భాగంలో చర్మం చాలా పలుచగా, దాదాపు ఎముకను అంటిపెట్టుకుని ఉంటుంది. మృదులాస్థిలో శాంటోరిని చీలికలు అనే సన్నని సందులు సహజంగానే ఉంటాయి. చర్మంలోని ఇన్ఫెక్షన్ ఈ సందుల గుండా, మృదులాస్థి ఎముకతో కలిసే చోటు గుండా కిందికి దిగి పుర్రె అడుగుభాగానికి చేరుతుంది. చాలాసార్లు కర్ణభేరి చెక్కుచెదరకుండానే ఉంటుంది. అంటే జబ్బు మధ్యచెవిలోకి పోకుండా, దాని కిందుగా ఎముక వెంబడి నడుస్తుంది.

పుర్రె అడుగున ఉన్న రంధ్రాల గుండా మెదడు నుంచి నరాలు బయటికి వస్తాయి. చెవికి అతి దగ్గరలో ఉన్న స్టైలోమాస్టాయిడ్ రంధ్రం నుంచి ముఖాన్ని కదిలించే ఏడో నరం వస్తుంది. అందుకే ముందుగా దెబ్బతినేది అదే. జబ్బు ఇంకా లోపలికి పాకితే జుగులర్ రంధ్రం దగ్గర తొమ్మిది, పది, పదకొండో నరాలు, పక్కనున్న మరో కాలువలో నాలుకను కదిలించే పన్నెండో నరం దెబ్బతింటాయి. ఆ దశలో గొంతు బొంగురుపోతుంది, మింగేటప్పుడు పొరబోతుంది, భుజం ఎత్తలేరు, నాలుక ఒక పక్కకు తిరుగుతుంది. కణత ఎముక కొనదాకా చేరితే ఐదు, ఆరో నరాలకూ ముప్పే. మెదడు నుంచి రక్తాన్ని తెచ్చే పెద్ద సిరల్లో గడ్డకట్టడం, మెదడు పొరల వాపు, మెదడులో చీముగడ్డ చిట్టచివరి ప్రమాదాలు.

ఎవరికి, ఎందుకు

ఈ జబ్బు వచ్చినవారిలో అత్యధికులు మధుమేహ రోగులే. ఇందుకు మూడు కారణాలు కలిసివస్తాయి. దీర్ఘకాలపు షుగరు వల్ల చర్మానికీ ఎముకకూ రక్తం అందించే సన్నని నాళాలు ఇరుకవుతాయి. రక్తం సరిగా అందని చోటికి తెల్లకణాలూ తక్కువే చేరతాయి, మందూ తక్కువే చేరుతుంది. రెండోది, షుగరు ఎక్కువగా ఉన్నప్పుడు తెల్లకణాలు సూక్ష్మజీవులను వెంటాడి మింగే శక్తి మందగిస్తుంది. మూడోది గులిమి. ఆరోగ్యవంతుల గులిమికి ఆమ్లగుణం ఉంటుంది, అది బ్యాక్టీరియాను అడ్డుకుంటుంది. మధుమేహం ఉన్నవారి గులిమిలో ఆ ఆమ్లగుణం తగ్గుతుంది.

వయసుతో వచ్చే మార్పులు వీటికి తోడవుతాయి. చర్మం పలుచబడి చిన్న గీతకే చిట్లుతుంది. వినికిడి యంత్రం పెట్టుకునేవారిలో కాలువ ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. గులిమి తీయడానికి పంపు నీటిని సిరంజితో చెవిలోకి చిమ్మిన కొద్ది రోజులకు కొందరు మధుమేహ వృద్ధుల్లో ఈ జబ్బు మొదలైందని అమెరికా వైద్యులు 1990లో గుర్తించారు. అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం మార్గదర్శకాలు కూడా షుగరున్నవారి చెవిని నీటితో కడగవద్దనే చెబుతాయి.

మధుమేహం లేకున్నా కీమోథెరపీ తీసుకుంటున్నవారికి, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి, ఎయిడ్స్ రోగులకు, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడుతున్నవారికి ఈ జబ్బు రావచ్చు. రోగనిరోధకత లోపించిన పిల్లల్లోనూ అరుదుగా కనిపిస్తుంది.

కారణమయ్యే సూక్ష్మజీవులు

ప్రధాన కారకం సూడోమొనాస్ ఎరుజినోసా. నీటిలో, చెమ్మలో బతికే ఈ బ్యాక్టీరియా రక్తనాళాల గోడలను తినేస్తుంది, తన చుట్టూ జిగురుపొర అల్లుకుని మందుకు అందకుండా దాక్కుంటుంది. మెథిసిలిన్‌కు లొంగని రకాలతో సహా స్టెఫైలోకాకస్ ఆరియస్, క్లెబ్సియెల్లా వంటి ఇతర బ్యాక్టీరియాలూ కొందరిలో కనిపిస్తాయి.

బూజు జాతి సూక్ష్మజీవుల్లో ఆస్పర్జిల్లస్ ముఖ్యమైనది, ఆ తర్వాత క్యాండిడా. జపాన్‌లో ఓ వృద్ధురాలి చెవి కాలువలో కనుగొని 2009లో శాస్త్రవేత్తలు వర్ణించిన క్యాండిడా ఆరిస్ ఎన్నో మందులకు లొంగని రకం. రోజుల తరబడి యాంటీబయాటిక్ వాడినా తగ్గని రోగిలో, ముఖ్యంగా స్టెరాయిడ్ కలిసిన చుక్కలు చాలాకాలం వేసుకున్నవారిలో ఫంగస్‌ను అనుమానించాలి.

లక్షణాలు

మొదటి లక్షణం నొప్పి. అది చెవిలో కనిపించే వాపుతో పోలిస్తే చాలా ఎక్కువగా ఉంటుంది. రాత్రిపూట పెరిగి నిద్ర పట్టనివ్వదు. దవడకు, కణతకు, తల వెనక్కు పాకుతుంది. దవడ కీలు దాకా వస్తే నోరు తెరవడం, నమలడం కష్టమవుతుంది. చెవి నుంచి చీము కారుతుంది, వినికిడి మందగిస్తుంది. జ్వరం చాలామందిలో ఉండదు. రక్తపరీక్షలో తెల్లకణాలు కూడా మామూలుగానే ఉండవచ్చు. జ్వరం లేదు కదా అని ధీమాగా ఉండడం ఇక్కడ పొరపాటు.

డాక్టరు చెవిలోకి చూసినప్పుడు కాలువ అడుగున, మృదులాస్థి ఎముకతో కలిసే చోట, ఎర్రగా పొంగిన కండలాంటి పెరుగుదల కనిపిస్తే అది ఈ జబ్బుకు బలమైన గుర్తు. చెవి తమ్మె కింద, దవడ వెనక నొక్కితే నొప్పి ఉంటుంది. మతిమరుపు జబ్బు ఉన్న పెద్దలు నొప్పిని మాటల్లో చెప్పలేకపోవచ్చు. తిండి మానేయడం, రాత్రుళ్లు కలతపడడం, చెవి దగ్గర చేయి పెట్టుకోవడం వంటివి చూసి ఇంట్లోవాళ్లే పసిగట్టాలి. కారణం తెలియకుండా షుగరు హఠాత్తుగా పెరగడం కూడా ఒక సూచన.

మామూలు బాహ్యచెవి ఇన్ఫెక్షన్ సరైన చుక్కల మందుతో రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. తగ్గకపోతే రోగిని మళ్లీ పరీక్షించాలని మార్గదర్శకాలు చెబుతాయి. షుగరున్న పెద్దవారిలో వారం గడిచినా నొప్పి తగ్గకపోతే, కాదని రుజువయ్యేదాకా ఎముక ఇన్ఫెక్షన్‌గానే భావించడం క్షేమం.

నిర్ధారణ

ఒక్క పరీక్షతో తేలే జబ్బు కాదిది. కోహెన్, ఫ్రీడ్‌మన్ 1987లో ప్రతిపాదించిన ప్రమాణాలను చాలాకాలం వాడారు. నొప్పి, వాపు, చీము, కండ పెరుగుదల, ఎముక స్కాన్‌లో మార్పు లేదా వారానికి మించి స్థానిక చికిత్స విఫలం కావడం వాటిలో ముఖ్యమైనవి. 2023లో బ్రిటన్ నిపుణులు కొత్త నిర్వచనాలపై ఏకాభిప్రాయానికి వచ్చారు. నొప్పి, చీము, కాలువలో వాపు లేదా కండ పెరుగుదలకు తోడు సీటీ లేదా ఎంఆర్ఐలో ఆధారం దొరికితే జబ్బు ఖాయమని వారు చెప్పారు.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే చీమును కల్చర్‌కు, అంటే సూక్ష్మజీవిని పెంచి గుర్తించే పరీక్షకు పంపాలి. సాధ్యమైతే లోపలి కణజాలం పంపడం మరింత మేలు. అప్పటికే చుక్కలు, మాత్రలు వాడి ఉంటే కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చు. చాలామంది రోగుల్లో జరిగేది ఇదే. కండ ముక్క తీసి బయాప్సీకి పంపడం తప్పనిసరి. చెవి కాలువ క్యాన్సర్ అచ్చం ఇలాగే కనిపిస్తుంది, రెండూ ఒకే రోగిలో ఉండవచ్చు కూడా. అదే ముక్కను ఫంగస్ కోసం, క్షయ కోసం కూడా పరీక్షిస్తారు.

రక్తపరీక్షల్లో వాపును సూచించే ఈఎస్ఆర్, సీఆర్పీ సాధారణంగా బాగా పెరిగి ఉంటాయి. వీటితోపాటు సగటు షుగరు తెలిపే హెచ్‌బీఏ1సీ, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చూస్తారు.

సీటీ స్కాన్ ఎముక తినేసిన చోటును చూపిస్తుంది. కాని ఎముకలోని ఖనిజం సుమారు మూడో వంతు పోతే తప్ప అది కనపడదు కాబట్టి, తొలిరోజుల సీటీ మామూలుగా ఉందని జబ్బు లేదనుకోకూడదు. ఎముక మజ్జ, మెత్తని కణజాలం, మెదడు పొరలు ఎంఆర్ఐలో బాగా కనిపిస్తాయి. టెక్నీషియం ఎముక స్కాన్ జబ్బును తొందరగా పట్టిస్తుంది గాని నయమయ్యాక కూడా నెలల తరబడి జబ్బు ఉన్నట్టే చూపిస్తుంది. గ్యాలియం స్కాన్, పెట్ సీటీ జబ్బు తగ్గిందో లేదో తేల్చడానికి ఉపయోగపడతాయి. ఇవి పెద్ద నగరాల్లోనే దొరుకుతాయి.

చికిత్స

ఈ చికిత్సకు నాలుగు అంగాలున్నాయి: సూక్ష్మజీవికి తగిన మందు చాలినంత కాలం ఇవ్వడం, షుగరును అదుపులోకి తేవడం, చెవిని శుభ్రంగా ఉంచడం, నొప్పి తగ్గించడం. చెవి వైద్యుడు, షుగరు వైద్యుడు, ఇన్ఫెక్షన్ల నిపుణుడు, రేడియాలజిస్టు కలిసి పనిచేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

జబ్బు తొలిదశలో ఉండి, నరాలకు దెబ్బ తగలకుండా, కల్చర్‌లో సిప్రోఫ్లోక్సాసిన్‌కు లొంగే సూడోమొనాస్ అని తేలితే మాత్రలతోనే వైద్యం చేయవచ్చు. మూత్రపిండాలు బాగున్న పెద్దవారికి సాధారణ మోతాదు 750 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. జబ్బు ముదిరినా, నరాలు దెబ్బతిన్నా, సిప్రోకు లొంగని బ్యాక్టీరియా అయినా ఆస్పత్రిలో చేర్చుకుని సిర ద్వారా మందు ఎక్కిస్తారు. సూడోమొనాస్‌పై పనిచేసే సెఫ్టాజిడిమ్, సెఫిపిమ్, పిపెరాసిలిన్–టాజోబ్యాక్టమ్, మెరోపెనెమ్‌లలో కల్చర్ నివేదిక చెప్పినదాన్ని ఎంచుకుంటారు. సెఫ్టాజిడిమ్ సాధారణంగా 2 గ్రాములు, ఎనిమిది గంటలకోసారి. మెథిసిలిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్ ఉంటే వ్యాంకోమైసిన్ వంటివి చేరతాయి. కల్చర్‌లో ఏమీ రానప్పుడు సూడోమొనాస్‌నే దృష్టిలో పెట్టుకుని మందు మొదలుపెడతారు.

కనీసం ఆరు వారాలు, చాలామందిలో ఎనిమిది వారాలు లేదా అంతకుమించి మందు సాగాలి. ఎముకలో రక్తప్రసారం తక్కువ, బ్యాక్టీరియా జిగురుపొర చాటున ఉంటుంది. నొప్పి మాత్రం రెండు మూడు వారాల్లోనే తగ్గిపోవచ్చు. అక్కడే రోగి మందు ఆపేస్తాడు, జబ్బు తిరగబెడుతుంది. సగంలో ఆపిన మందు మిగిలిన బ్యాక్టీరియాను మరింత మొండిగా మారుస్తుంది. చేతి సిరలో పొడవాటి సన్నగొట్టం అమర్చి రోజువారీగా ఇంజెక్షన్ ఇచ్చే ఏర్పాటుంటే, ముసలివాళ్లు రెండు నెలలు ఆస్పత్రి మంచాన పడి ఉండనక్కర్లేదు.

ఫంగస్ అయితే మందు వేరు. ఆస్పర్జిల్లస్‌కు సాధారణంగా వోరికొనజోల్ వాడతారు. అవసరమైతే లైపోసోమల్ యాంఫోటెరిసిన్-బి. వ్యవధి మూడు నెలలు, అంతకన్నా ఎక్కువ కూడా కావచ్చు. వోరికొనజోల్ వాడేటప్పుడు కాలేయ పరీక్షలు, యాంఫోటెరిసిన్ వాడేటప్పుడు మూత్రపిండాల పరీక్షలు, పొటాషియం క్రమం తప్పక చూడాలి.

షుగరు అదుపు ఈ చికిత్సలో సగపాలు. ఆస్పత్రిలో ఉన్నంతకాలం చాలామందికి మాత్రలు చాలవు, ఇన్సులిన్ కావాలి. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 140–180 మిల్లీగ్రాముల మధ్య ఉంచడం ఆస్పత్రుల్లో సాధారణ లక్ష్యం. పెద్దవారిలో మరీ కిందికి దించడం కూడా ప్రమాదమే. పడిపోవడం, స్పృహ తప్పడం, గుండెకు దెబ్బ తగలడం జరగవచ్చు. ఇంటికెళ్లాక ఆరోగ్యంగా ఉన్న వృద్ధులకు హెచ్‌బీఏ1సీ 7–7.5 శాతం, బలహీనులకు 8 శాతం దిగువన ఉంటే చాలని వైద్యులు భావిస్తారు.

చెవి వైద్యుడు మైక్రోస్కోపు కింద సన్నని గొట్టంతో చీమును, చచ్చిన చర్మాన్ని పీల్చి తీస్తాడు. కాలువ ఉబ్బి మూసుకుపోతే మందులో తడిపిన దూది వత్తి పెడతారు. చుక్కల మందు తోడ్పాటు మాత్రమే. ఎముకలోని జబ్బును అది చేరలేదు. కర్ణభేరికి రంధ్రం ఉంటే జెంటామైసిన్, నియోమైసిన్ చుక్కలు వినికిడిని దెబ్బతీయగలవు.

పెద్ద ఆపరేషన్ల పాత్ర ఇప్పుడు బాగా తగ్గింది. బయాప్సీకి, చీముగడ్డ తీయడానికి, చచ్చిన ఎముక ముక్కలు తొలగించడానికి మాత్రమే కత్తి పడుతుంది. మూతి వంకరపోయిందని ముఖ నరంపై ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ చేయడం వల్ల మేలు లేదని అనుభవం చెబుతోంది. అధిక పీడనపు ఆక్సిజన్ గదిలో రోగిని ఉంచే పద్ధతిని కొన్ని కేంద్రాలు వాడుతున్నాయి. వైద్య ఆధారాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్షకు దీనిపై ప్రమాణాలకు నిలిచే తులనాత్మక అధ్యయనం ఒక్కటీ దొరకలేదు. అందువల్ల దాన్ని అసలు మందుకు ప్రత్యామ్నాయంగా చూడకూడదు.

నొప్పిని చిన్నచూపు చూడకూడదు. నిద్రలేని వృద్ధుడు తినడు, షుగరు అదుపు తప్పుతుంది. పారాసిటమాల్‌తో మొదలుపెట్టి, చాలకపోతే బలమైన మందులకు వెళతారు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి మూత్రపిండాలు బలహీనపడినవారికి హాని చేస్తాయి.

వృద్ధుల్లో మందుల జాగ్రత్తలు

ఇదే రోగి రక్తపోటుకు, గుండెకు, షుగరుకు అప్పటికే నాలుగైదు మందులు వాడుతుంటాడు. సిప్రోఫ్లోక్సాసిన్ వల్ల షుగరు హఠాత్తుగా పడిపోవచ్చు, పెరగవచ్చు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడే పెద్దవారిలో షుగరు పడిపోయే ప్రమాదం మరీ ఎక్కువ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ఈ జాతి మందులపై షుగరు పడిపోవడం గురించి, మతి తికమక కావడం గురించి హెచ్చరికను గట్టిపరిచింది. మడమ వెనక స్నాయువు తెగడం, గుండె లయ తప్పడం కూడా ఈ మందుతో వచ్చే ముప్పులే. వార్ఫరిన్ వాడేవారిలో రక్తం మరీ పలుచబడవచ్చు. కండరాల నొప్పికి వాడే టిజానిడిన్‌ను దీనితో అసలే కలపకూడదు.

కాల్షియం, ఐరన్, జింక్ మాత్రలు, అసిడిటీకి వాడే యాంటాసిడ్ మందులు, పాలు, పెరుగు సిప్రోను పేగుల్లోనే బంధించి రక్తంలోకి సరిగా చేరనివ్వవు. అందుకే ఆ మాత్రలకు రెండు గంటల ముందు గాని ఆరు గంటల తర్వాత గాని సిప్రో వేసుకోవాలి. ఒట్టి పాలతో, మజ్జిగతో మింగకూడదు. రోజూ నిద్రకు ముందు అసిడిటీ మందు తాగే అలవాటున్నవారిలో ఈ ఒక్క కారణంతోనే వైద్యం విఫలం కావచ్చు.

మూత్రపిండాలు బలహీనంగా ఉంటే ఈ జబ్బుకు వాడే చాలా యాంటీబయాటిక్‌ల మోతాదు తగ్గించాలి. లేకపోతే సెఫ్టాజిడిమ్, సెఫిపిమ్ మెదడుపై ప్రభావం చూపి తికమక, ఫిట్స్ తెప్పిస్తాయి. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు, తిండి సరిగా తిననప్పుడు ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ జాతి షుగరు మాత్రలను వైద్యుల సలహాతో తాత్కాలికంగా ఆపుతారు.

ఇంకొక పెద్ద ప్రమాదం స్టెరాయిడ్లతో. మూతి వంకరపోగానే బెల్స్ పాల్సీ అనే మామూలు ముఖ పక్షవాతం అనుకుని స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెడితే ఈ రోగిలో షుగరు ఎగబాకుతుంది, ఇన్ఫెక్షన్ విజృంభిస్తుంది. షుగరున్న పెద్దవారిలో ముఖం ఒక పక్క చచ్చుబడితే స్టెరాయిడ్ రాసేముందు చెవిలోకి ఒకసారి చూడడం ఏ డాక్టరుకైనా విధి.

పర్యవేక్షణ, ఫలితాలు

రాత్రి నొప్పి పోవడం కోలుకోవడానికి మొదటి గుర్తు. ఆ తర్వాత చీము ఆగి, కండ పెరుగుదల అణుగుతుంది. ఈఎస్ఆర్, సీఆర్పీ వారం వారం లేదా రెండు వారాలకోసారి చూస్తారు. అవి క్రమంగా దిగిరావాలి. సీటీలో ఎముక మళ్లీ కట్టుకోవడానికి చాలాకాలం పడుతుంది, ఎంఆర్ఐ మార్పులు కూడా నెలలు నిలుస్తాయి. కాబట్టి స్కాన్ ఒక్కదాన్నే చూసి మందు కొనసాగించడమో ఆపడమో చేయరు. లక్షణాలు, రక్తపరీక్షలు, స్కాన్ మూడింటినీ కలిపి నిర్ణయిస్తారు. రెండు వారాల మందుకు కూడా తగ్గకపోతే మళ్లీ బయాప్సీ చేసి ఫంగస్, క్యాన్సర్, క్షయ కోసం వెతకాలి.

చాండ్లర్ కాలంలో సగం దాకా ఉన్న మరణాలు ఈనాటి చాలా నివేదికల్లో పది శాతం అటూఇటూగానో అంతకన్నా తక్కువగానో ఉన్నాయి. ఫంగస్ వల్ల వచ్చిన జబ్బులో, ఎక్కువ నరాలు దెబ్బతిన్నవారిలో ఫలితం అంత బాగుండదు. చచ్చుబడిన ముఖ నరం కొందరిలోనే పూర్తిగా కోలుకుంటుంది. మందు ఆపాక కూడా నెలల తర్వాత జబ్బు తిరగబెట్టవచ్చు గనక కనీసం ఏడాదిపాటు వైద్యుడికి చూపించుకోవాలి.

నివారణ

షుగరు ఉన్న పెద్దల చెవి కాలువను వీలైనంతవరకు కదపకుండా ఉంచడమే ఉత్తమ నివారణ. గులిమి తనంతట తానే బయటికి వస్తుంది. అది గట్టిపడి వినికిడికి అడ్డొస్తే చెవి వైద్యుడి చేత పొడిగా, పీల్చే గొట్టంతో తీయించడం మంచిది. స్నానం చేసేటప్పుడు చెవిలోకి నీళ్లు పోకుండా చూసుకోవాలి; పోతే తల వంచి కార్చి, బయటి భాగాన్ని మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. వినికిడి యంత్రపు అచ్చును రోజూ శుభ్రం చేసి, రాత్రి తీసేయాలి. షుగరు రోగికి పాదాలు, కళ్లు పరీక్షించినట్టే చెవిపోటు ఉందా అని అడగడం కూడా క్లినిక్కులో అలవాటు కావాలి.

తెలుగు రాష్ట్రాల్లో

2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందుదశ ఉన్నాయి. వృద్ధుల సంఖ్య కూడా పెరుగుతున్నందున ఈ జబ్బును చూసే అవసరం ప్రతి జిల్లా ఆస్పత్రికీ వస్తుంది. తెలుగు పల్లెల్లో, పట్టణాల్లో పిన్నీసుతో, అగ్గిపుల్లతో, కోడి ఈకతో చెవిలో తిప్పుకోవడం, చెవిపోటుకు వెల్లుల్లి కాచిన నూనె గోరువెచ్చగా పోయడం పాత అలవాట్లు. వయసులో ఉన్నవారికీ హాని చేయగల ఈ పనులు షుగరున్న పెద్దవారిలో చర్మాన్ని గీరి, కాల్చి సూడోమొనాస్‌కు దారి తెరుస్తాయి. ఆ తర్వాత ఆర్ఎంపీ దగ్గర రెండు రోజుల మాత్రలు, మందుల దుకాణంలో స్టెరాయిడ్ కలిసిన చుక్కలు, మూతి వంకరపోతే పసరు మందు: ఇలా విలువైన వారాలు గడిచిపోతాయి.

2021లో కోవిడ్ రెండో అలలో బ్లాక్ ఫంగస్ విరుచుకుపడినప్పుడు షుగరు, స్టెరాయిడ్లు కలిస్తే ఏమవుతుందో తెలుగునాట ఇంటింటికీ తెలిసొచ్చింది. హైదరాబాద్ కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి అప్పుడు తెలంగాణకు ప్రధాన చికిత్సా కేంద్రంగా నిలిచింది. బ్లాక్ ఫంగస్ ముక్కు, సైనస్‌ల గుండా రోజుల్లో పాకే జబ్బు. చెవిలో మొదలయ్యే ఈ జబ్బు వారాల మీద నెమ్మదిగా నడుస్తుంది. రెండింటికీ పునాది ఒక్కటే, అదుపు తప్పిన షుగరు. ఈ రెండో జబ్బు నెమ్మదిగా నడవడం మనకు దొరికిన అవకాశం. సిప్రోఫ్లోక్సాసిన్ జనరిక్ రూపంలో చవకగా దొరుకుతుంది, కల్చర్, ఈఎస్ఆర్ పరీక్షలు జిల్లా కేంద్రాల్లో చేస్తారు, సీటీ స్కాన్ పట్టణాలకు వచ్చేసింది. లోపిస్తున్నది తొలి వారంలో కలగవలసిన అనుమానం, చివరి వారందాకా నిలవవలసిన పట్టుదల.

ఇంట్లో షుగరు ఉన్న పెద్దవారు చెవిపోటుతో రాత్రుళ్లు నిద్రలేకుండా గడుపుతుంటే, వారం దాటినా చీము ఆగకపోతే, మూతి వంకరపోతే ఆ రోజే చెవి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఎముకకు పాకిందేమో చూడమని నోరు తెరిచి అడగండి. మందు మొదలయ్యాక నొప్పి పోయినా సరే, డాక్టరు ఆపమనేదాకా ఒక్క పూట కూడా మానకుండా వేయించండి.